సమస్యాపూరణం: “అరుగు వీడకుండ నరిగె నతఁడు”

నిర్వాహకులు (వరంగల్లు): ఈ వారం ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం, పై మూడూ మీరు కట్టాలి: అరుగు / వీడ / కుండ / నరిగె / నతఁడు. అయిదూ సూర్యగణాలే (మూడేసి మాత్రలవి; హ్రస్వం పలికే కాలం ఒక మాత్ర), నాలుగో గణం మొదట యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాలి. 1, 3 పాదాలకు మూడు సూర్య, రెండు ఇంద్ర (నాలుగైదు మాత్రల) గణాలు. రెండో పాదం ఇచ్చినదాని లాగే. ఇంటి ముందు అరుగు దిగనివాడు ఎలా వెళ్లాడన్నదే చిక్కు. మూడో పాదం ద్రుతంతో (పదం చివర చేరే నకారంతో) ముగిస్తే సమస్యను “నరుగు” అని, క్త్వార్థంతో (“చేసి”, “చేయక” లాంటి రూపంతో) ముగిస్తే “యరుగు” అని మొదలుపెట్టండి. యతి చెడదు, లెక్కకు వచ్చేది లోపలి అకారమే.

హనుమకొండ సభ్యులు:

రాత్రి కునుకు పట్ట రామప్ప గుడిలోని
శిల్పములను జూడఁ జిత్త మరుగ
మేను మాత్ర మింటి మెట్ల చెంతనె యుండ
నరుగు వీడకుండ నరిగె నతఁడు

నిర్వాహకులు: గణాలు సరిపోయాయి, శి–జి యతి చక్కగా పడింది. అయితే సమస్యలో ఉన్న క్రియనే రెండో పాదంలో వాడేశారు, దాంతో విప్పాల్సిన ముడి ముందే విడిపోయింది. “చిత్త ముఱుక” అంటే గణమూ నిలుస్తుంది, ఆత్రమూ కనపడుతుంది.

ములుగు సభ్యులు:

గద్దెఁ జూడఁ గోరి కలలోన మేడార
మునకు నతఁడు వేగ ముదముతోడ
నేఁగుదెంచె నిట్టు లిల్లాలు నవ్వంగ
నరుగు వీడకుండ నరిగె నతఁడు

నిర్వాహకులు: ఛందస్సులో వంక లేదు, తప్పంతా అర్థంలోనే. ఏఁగు అంటే వెళ్లు. ఏఁగుదెంచు అంటే వచ్చు. “తెంచు” చేరిందంటే నడక చెప్పేవాడి వైపు మళ్లుతుంది. చను – చనుదెంచు, అరుగు – అరుగుదెంచు, అన్నిటికీ ఇదే తీరు. వినడానికి గంభీరంగా ఉంటుందని “అతిథులు వెళ్లారు” అనాల్సిన చోట “ఏతెంచారు” అని రాస్తుంటారు. అది పూర్తిగా ఎదురు అర్థం. మీ పద్యాన్ని మేడారం గద్దె దగ్గర నిలబడి చూసేవారు చెబితే “ఏఁగుదెంచె” ఒప్పే. కానీ నవ్వుతున్న ఇల్లాలు అరుగు దగ్గరుంది, చూపు ఇటునుంచి అటు. “నేఁగి నిలిచె నిట్టు లిల్లాలు నవ్వంగ” అనండి, ఏ–ఇ యతి అలాగే ఉంటుంది.

ములుగు సభ్యులు: సవరించుకున్నాను. మరి “చనిపోవు”లో ఉన్నదీ ఈ చను యేనా?

నిర్వాహకులు: అదే. “వెళ్లు” అనే అర్థంలో చను వాడుకలోంచి జారిపోయింది, చావుకు మాత్రం అంటిపెట్టుకుంది. గడప దిగేటప్పుడు మన దగ్గర “పోత” అనకుండా “పోయొస్త” అనడం ఇలాంటి జంకుతోనే. పోవడానికి రావడాన్ని ముడివేస్తేనే మనసు కుదుటపడుతుంది.

జనగామ సభ్యులు:

తాత కనులు మూసి దైవనామముఁ బాడి
పరమపదము వైపు పయన మయ్యెఁ
గాలు కదప లేదు కట్టెయుఁ గొనలేదు
అరుగు వీడకుండ నరిగె నతఁడు

నిర్వాహకులు: ఊతకట్టె పట్టకుండా సాగిన పయనం, ఈ ఊహ నాకు ఎంతో నచ్చింది. గమ్యం చెప్పడమూ మంచిదైంది; “అరిగె” ఒక్కటే మరణాన్ని చెప్పలేదు, దివికో పరమపదానికో అని ఉండాలి. దోషం మూడో పాదం చివర. “లేదు” మీద అచ్చు వస్తే ఉకారసంధి తప్పదు, “లేదరుగు” అయి ఒక మాత్ర పోతుంది. “కాలు కదప లేక కట్టెయుఁ గొనలేక / యరుగు వీడకుండ” అంటే సరి.

పరకాల సభ్యులు: అన్నం అరగడం, చెప్పులు అరగడం అనే అర్థంలో పూరించవచ్చునా?

నిర్వాహకులు: వెళ్లు అనే అర్థం పుస్తకాలకే మిగిలినా, మీరన్న అర్థంలో “అరుగు” ఇంకా నోట ఆడుతోంది కదా. వాడవచ్చు. కాకపోతే అరిగేవి రాపిడి తగిలేవి: రోలు, చెప్పు, గంధపు చెక్క. మనిషి అరిగాడంటే పోలిక తోడుండాలి. మూడో పాదం ఇలా పెట్టి, పై రెండూ మీరే కట్టండి:

సాన మీఁది గంధసారమ్ము వలెఁ జిక్కి
యరుగు వీడకుండ నరిగె నతఁడు