విజయనగరంలో కచేరీలు ఎక్కడ వినొచ్చు?

కొత్త శ్రోత: హైదరాబాద్ నుంచి ఇక్కడికి మారి మూడు నెలలైంది. అక్కడైతే రవీంద్రభారతికి వెళ్లి సగం అర్థం కాకపోయినా కూర్చునేవాణ్ణి. రాగాలు పట్టలేను, పక్కవాళ్లు తల ఊపితే నేనూ ఊపుతా. నవ్వకండి.

కోట దగ్గరోణ్ణి: విజయనగరంలో ఉండి అడగాల్సిన ప్రశ్నేనా ఇది! 1919లో పెట్టిన సంగీత కళాశాల ఉంది, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిందీ ఘంటసాల గారు నేర్చుకున్నదీ అక్కడే. ఓసారి వెళ్లి కార్యక్రమాల సంగతి అడగండి.

తంబురా: పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన ఎక్కడ జరిగినా వదలొద్దు. అక్కడ పాడే త్యాగరాజు పంచరత్న కీర్తనలు అయిదింట్లో మొదటిది, నాట రాగంలోది, సంస్కృతం. మిగతా నాలుగూ తెలుగే, సాహిత్యం కాగితం చేతిలో పెట్టుకుంటే బాగా అందుతుంది. అయిదూ ఆదితాళమే, చేత్తో ఇలా లెక్కపెట్టాలి: ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, మళ్లీ దెబ్బ, చెయ్యి తిప్పు, దెబ్బ, తిప్పు. మొత్తం ఎనిమిది, అదే ఒక ఆవర్తనం. రాగం సంగతి తర్వాత చూసుకోవచ్చు.

కోట దగ్గరోణ్ణి: ముందు వరసలో స్పీకర్ పక్కన మాత్రం కూర్చోకండి. పోయినేడాది ఓ హాల్లో మైకు కూతకి మృదంగం ఒక్కటే మిగిలింది, వీణ మాయం.

కొత్త శ్రోత: థాంక్సండీ. ఇప్పుడే ఆ అయిదింట్లో ఆరభి రాగం కీర్తన పెట్టుకుని వేళ్లు లెక్కపెట్టా, రెండో ఆవర్తనానికే తప్పిపోయా. మళ్లీ పెడుతున్నా.