డండీ నుంచి వచ్చిన తాత ఆచూకీ: ఎక్కడ మొదలుపెట్టాలి?

డండీలో కొత్త:
అందరికీ నమస్తే. వైజాగ్ నుంచి చదువుకి స్కాట్లండ్‌లోని డండీ వచ్చి ఆరు వారాలైంది. మా అమ్మమ్మ వాళ్ల తాత ఈ ఊరివాడేనట. జూట్ మిల్లు మెకానిక్‌గా మన వైపు వచ్చి అక్కడే ఉండిపోయాడని ఇంట్లో చెబుతారు. పేరు జేమ్స్. ఇంటిపేరు రాబర్ట్‌సనో రాబిన్‌సనో అమ్మమ్మకే సరిగ్గా గుర్తులేదు. ఫోటో కూడా లేదు. ఎలా వెతకాలో ఎవరైనా చెబుతారా?

అబర్డీన్ బాబాయ్:
స్వాగతం అమ్మా. ముందు ఇది చెప్పు, జీపీ (మన ఏరియా డాక్టరు) దగ్గర రిజిస్టర్ అయ్యావా? జ్వరం వచ్చాక పరిగెత్తకు. కౌన్సిల్ ట్యాక్స్ (ఇక్కడి ఇంటి పన్ను) మినహాయింపుకి యూనివర్సిటీ లెటర్ కూడా పంపెయ్, లేకపోతే నోటీసు వస్తుంది. ఇక తాతగారి సంగతి. ఇక్కడ 1837 నుంచి ప్రతి పుట్టుకా సర్కారు రిజిస్టర్లో ఉంటుంది, పేరు కొడితే వచ్చేస్తుంది. చాలా సులువు.

గ్లాస్గో అక్క:
బాబాయ్, 1837 ఇంగ్లండ్‌ది. స్కాట్లండ్‌లో 1855 జనవరి 1 నుంచి. అంతకు ముందువన్నీ చర్చి రిజిస్టర్లే, వాటిలో అందరి పేర్లూ ఉండవు.
చెల్లీ, పేరు కొడితే వచ్చేస్తుందన్న మాట నమ్మకు. డండీలో జేమ్స్ రాబర్ట్‌సన్ అని వెతికితే లెక్కలేనంతమంది వస్తారు. పైగా మనలాగే వాళ్లూ పెద్దకొడుక్కి తాత పేరు (నాన్న తండ్రిది), రెండోవాడికి అమ్మ తండ్రి పేరు పెట్టేవాళ్లు. అన్నదమ్ములు నలుగురుంటే నాలుగిళ్లలోనూ ఒక జేమ్స్ ఉంటాడు, అదీ ఒకే వీధిలో. వాళ్లను విడదీసేది తల్లి పుట్టింటి పేరు. ఇక్కడి పుట్టుక రికార్డులో అది తప్పకుండా ఉంటుంది. 1861 నుంచి తల్లిదండ్రుల పెళ్లి ఎప్పుడు, ఎక్కడ జరిగిందో కూడా రాస్తారు. మరణ రికార్డులో తల్లీతండ్రీ ఇద్దరి పేర్లూ ఉంటాయి.
చూడాల్సింది స్కాట్లండ్స్‌పీపుల్ అనే సర్కారు సైటు. వెతకడం ఫ్రీ, రికార్డు బొమ్మ తెరవడానికి క్రెడిట్లు కొనాలి. ఒక్కో పుట్టుక బొమ్మకి 6 క్రెడిట్లు. ఆత్రంలో కనబడిన ప్రతి జేమ్స్‌నీ తెరిచావనుకో, ఆ నెల మెస్ డబ్బులు అయిపోయినట్టే.

అబర్డీన్ బాబాయ్:
సరే, 1855. ఊరికే ఒక సంవత్సరం పట్టుకుని కూర్చుంటారు. అసలు అమ్మాయి తెలుసుకోవాల్సింది ఆర్కైవ్స్‌తో, అంటే పాత రికార్డులు దాచే ఆఫీసులతో, ఎలా వేగాలో. నా అనుభవం చెబుతా.
2016లో మేం పల్లెలో ఒక రాతి ఇల్లు కొన్నాం. దాని చరిత్ర తెలుసుకుందామని సరదా పుట్టింది. సేసీన్స్ రిజిస్టర్ అని ఇక్కడ 1617 నుంచి భూముల చేతులు మార్పిడి అంతా రాసిపెట్టారు, మన సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు అనుకో. నేను వెళ్లింది మాత్రం ఒక ఆర్కైవ్‌కి, పేరెందుకులే. మొదటిసారి మంచులో గంటన్నర డ్రైవ్ చేసి వెళ్తే తలుపు మూసి ఉంది, సోమవారం సెలవట. రెండోసారి బ్యాగూ కోటూ లాకర్లో పెట్టించి, జేబులో పెన్ను కూడా తీయించేశారు. పెన్సిల్‌తోనే రాసుకోవాలి. వాళ్లే ఒక పెన్సిల్ ఇచ్చారు, దానికి ములుకు లేదు! తీరా నాక్కావలసిన పుస్తకం ఆ భవనంలోనే లేదు, బయట గోడౌన్లో ఉంది, మూడు రోజుల ముందు చెప్పాలన్నారు. ఆ మాట ఫోన్లోనే చెప్పి ఉండొచ్చుగా? నేను ఫోన్ చేయలేదనుకో, అది వేరే విషయం. మూడోసారికి మీ పిన్ని రానంది. ఒక్కణ్ణే వెళ్లి చూస్తే తేలిందేమిటంటే, మా ఇల్లు ఒకప్పుడు కమ్మరి కొలిమి. ఇప్పుడు వంటగది ఉన్నచోటే గుర్రాలకి లాడాలు కొట్టేవాళ్లట. అందుకే ఆ గోడ ఎప్పుడూ నల్లగా చెమ్మెక్కుతుందని నా నమ్మకం.

లీత్ పెద్దాయన:
చెమ్మకి కారణం నువ్వు గట్టర్ బాగుచేయించకపోవడం.
అమ్మాయీ, ఒక మాట. నువ్వు డండీ చివర పట్టుకుంటున్నావు, దారం కొస వైజాగ్‌లో ఉంది. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీలో చర్చిలో పెళ్లి చేసుకున్నా, బిడ్డకి బాప్టిజం చేయించినా, అక్కడే పాతిపెట్టినా, దాని నకలు లండన్ వెళ్లి ఉండొచ్చు. ఆ ఇండియా ఆఫీస్ (అప్పట్లో లండన్ నుంచి మన దేశాన్ని చూసుకున్న శాఖ) రికార్డులు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. పెళ్లి రికార్డు దొరికితే తండ్రి పేరు దొరుకుతుంది, అప్పుడు డండీకి రా. చర్చి పెళ్లి జరగకపోతే ఆ కాగితం ఉండదు. ఇంట్లో పెద్దవాళ్లని ఈ సంగతి మెల్లగా అడుగు, కొందరు నొచ్చుకుంటారు.

పైస్లీ కుర్రాడు:
ఇంత కష్టం ఎందుకండీ, ఆన్‌లైన్లో వంశవృక్షాలు బోలెడు ఉన్నాయి. మా ఫ్లాట్ ఓనర్‌ది 1300 దాకా ఉంది. ఇంటిపేరులో మెక్ అని చిన్నగా రాస్తే ఐరిష్, మాక్ అని పూర్తిగా రాస్తే స్కాటిష్, అది చూసుకుంటే చాలు.

గ్లాస్గో అక్క:
అది వట్టి పుక్కిటి పురాణం. రెండూ ఒకటే మాట, కొడుకు అని అర్థం. గుమాస్తా చేతికి ఎలా వస్తే అలా రాశాడు, ఒకే మనిషిది ఒక రికార్డులో ఒకలా, ఇంకోదాంట్లో ఇంకోలా ఉంటుంది. ఇక 1300 దాకా వృక్షమా? ఇక్కడ మిగిలిన చర్చి రిజిస్టర్లలో అన్నిటికంటే పాతది పెర్త్‌షైర్‌లోని ఎర్రోల్‌ది, 1553ది. మీ ఓనర్ మామూలు జనం పేర్లు అంతకు ముందు ఎక్కడ చూశాడో అడుగు.

లీత్ పెద్దాయన:
మాక్ అంటే గుర్తొచ్చింది, మన కైఫీయతులు (ఊళ్ల చరిత్రలు) సేకరించిన కల్నల్ మెకంజీది కూడా ఇక్కడి లూయిస్ దీవిలోని స్టోర్నోవేనే. ఆయన దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య లేకపోతే ఆయనకి ఊళ్ల చరిత్ర ఒక్క ముక్క దొరికేది కాదు.

అబర్డీన్ బాబాయ్:
మెకంజీ సర్వేయరండీ, ఆయనకి కావలసింది పటాలు.

లీత్ పెద్దాయన:
రెండూ కావాలి. వేరే థ్రెడ్ మొదలుపెట్టు, అక్కడ తేల్చుకుందాం.

డండీలో కొత్త:
బాబాయ్ గారూ, పెద్దాయన గారూ, అక్కా, థాంక్స్. అమ్మమ్మకి ఫోన్ చేశాను. ట్రంకు పెట్టెలో పాత బైబిల్ ఉందట. మొదటి పేజీలో ఇంకుతో ఇజబెల్లా అని, కింద హిల్‌టౌన్ అని ఉందట. హిల్‌టౌన్ మా హాస్టల్‌కి నడిచేంత దూరం! వెళ్లి ఇళ్ల ఫోటోలు తీసుకురానా?

గ్లాస్గో అక్క:
ఫోటోలు తర్వాత. ముందు ఆ పేజీ ఫోటో తెప్పించు. ఇజబెల్లా పక్కన ఇంకో పేరు ఉందేమో, అది పుట్టింటి పేరేమో చూడాలి. పాత కాగితాల్లో పెళ్లయిన ఆడవాళ్లకి రెండు ఇంటిపేర్లూ రాస్తారు. ఆ తర్వాత 1891, 1901 జనాభా లెక్కలు తెరువు. ఇంట్లో ఉన్నవాళ్లందరూ, వయసు, పని, పుట్టిన పారిష్ (చర్చి కింద ఉండే ప్రాంతం) వరసగా ఉంటాయి. ఇజబెల్లా వీవర్ అనో స్పిన్నర్ అనో ఉంటే ఆశ్చర్యపోకు. ఆడవాళ్లు మిల్లుకి వెళ్తే మగవాళ్లు ఇంట్లో కెటిల్ కాచేవాళ్లని ఎగతాళి చేసిన ఊరు అది. వాల్యుయేషన్ రోల్స్ (ఇళ్ల పన్ను లెక్కల జాబితాలు)లో వీధి పేరుతో కూడా వెతకొచ్చు, కానీ వాటిలో ఇంటి యజమాని, అద్దెకున్న పెద్ద తప్ప పిల్లలు ఉండరు.

డండీలో కొత్త:
మామయ్య రేపు ఫోటో పంపుతానన్నాడు అక్కా.

అబర్డీన్ బాబాయ్:
జీపీ సంగతి ఇంకా చెప్పలేదు నువ్వు.