చిన్న పిల్లలతో ఊరు మారుతున్నాం: మంచి స్కూలున్న దూరపు శివారా, ఆఫీసుకు దగ్గర ఇరుకు ఫ్లాటా?

సామాన్ల సంచి:
మా ఆయనకి వేరే నగరానికి బదిలీ అయింది, నాకూ అక్కడే ఉద్యోగం దొరికింది. పెద్దవాడికి ఐదేళ్లు, చిన్నదానికి రెండు. చూసినవాటిలో చివరికి రెండు మిగిలాయి. ఒకటి కొత్తగా కట్టిన శివారు కాలనీ. ఇల్లు పెద్దది, పేరున్న స్కూలుంది, చెట్లున్నాయి, కానీ ఆఫీసుకు పోను గంటపైనే, రాను ఇంకాస్త ఎక్కువ. రెండోది పాత ఏరియాలో రెండు గదుల ఫ్లాటు. స్కూలు మామూలుది, ఆఫీసు ఇరవై నిమిషాలు. ఆయన మొదటిదే అంటున్నారు, నా మనసు రెండోదాని వైపు లాగుతోంది. ఈ మాటెత్తితే చాలు, ఇంట్లో టెన్షన్. చిన్న పిల్లలున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

బడిగంట:
మీ ఆయన చెప్పిందే రైటండీ. పెద్దవాళ్లం ఎలాగోలా సర్దుకుంటాం, పిల్లల చిన్నతనం మళ్లీ రాదు. ఊరికే అనడం లేదు, అమెరికాలో 1994లో మొదలైన ఒక పెద్ద ప్రయోగం ఉంది. ఐదు నగరాల్లో పేదరికం బాగా ఉన్న పేటల నుంచి కొన్ని కుటుంబాలకు మెరుగైన చోటికి మారే సాయం చేశారు. ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం తర్వాత లెక్క తీస్తే, 13 ఏళ్లు రాకముందే మారిన పిల్లలు ఇరవైల మధ్యకొచ్చేసరికి, మారనివాళ్లకంటే సుమారు 31 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారు. ఏరియా పిల్లల మీద ఇంత పనిచేస్తుంటే గంట ప్రయాణానికి భయపడతారా?

రోజూ రైలు:
బడిగంట గారూ, ఆ లెక్క నిజమే, కానీ ఆవిడ అడిగినదానికి అది జవాబు కాదు. అక్కడ పోలిక కడు పేదరికం ఉన్న పేటకీ, బాగున్న పేటకీ మధ్య. ఇక్కడున్నవి రెండూ బాగున్న ఏరియాలే, ఒకదాని స్కూలుకి పేరెక్కువ, అంతే. స్కూళ్ల ర్యాంకుల్లో సగం లెక్క ఆ పిల్లలు ఎలాంటి ఇళ్ల నుంచి వస్తున్నారన్నదే చెబుతుంది. 1966లో అమెరికాలో వచ్చిన కోల్‌మన్ నివేదిక కూడా, మార్కుల తేడాల్లో స్కూలు వసతుల కంటే ఇంటి నేపథ్యానిదే పెద్ద పాత్ర అంది. ఐదేళ్లవాడికి ర్యాంకు ఏం అర్థమవుతుంది, టీచరు వాడి పేరు పెట్టి పిలుస్తుందా లేదా అన్నదే వాడికి తెలుస్తుంది.

ప్రయాణం సంగతి నాకు వదిలేయండి, మాది శివారే. మధ్యాహ్నం స్కూలు నుంచి ఫోన్ వస్తుంది, "బాబుకి జ్వరంగా ఉంది, తీసుకెళ్లండి" అని. మీటింగులోంచి లేచి, స్టేషనుకి నడిచి, రైలు ఎక్కి, దిగి, ఆటో పట్టుకుని వెళ్లేసరికి వాడు ఆఫీసు రూములో కుర్చీ మీద ముడుచుకుని, బూట్లు కూడా విప్పకుండా నిద్రపోతుంటాడు. పక్కనే ఆయమ్మ కూర్చుని ఉంటుంది, ఆవిడకి ఇంటికెళ్లే టైమయిపోయి ఉంటుంది. ఇద్దరూ ఉద్యోగాలు చేస్తుంటే ఎవరో ఒకరు పావుగంటలో పిల్లల దగ్గరికి చేరగలగాలి, నా మట్టుకు ఇదే మొదటి నియమం. జర్మనీ కుటుంబాల సర్వేలు తిరగేసిన ఫ్రే, స్టుట్సర్ అనే ఆర్థికవేత్తలు కూడా ఎక్కువసేపు ప్రయాణించేవాళ్లు జీవితంతో తక్కువ తృప్తిగా ఉన్నారనే తేల్చారు, పెద్ద ఇల్లో మంచి జీతమో దాన్ని పూర్తిగా పూడ్చలేకపోయింది.

జీబ్రా గీత:
నేను రోడ్ల డిజైన్ పనిలో ఉన్నాను కాబట్టి నా గోల వేరు. మీరిద్దరూ స్కూలూ ఆఫీసూ అంటున్నారు, ఇంటి ముందు వీధి మాట ఎవరూ ఎత్తలేదు. చిన్న పిల్లలకి ఏరియా అంటే ఆ వీధే కదా. 1960ల చివర డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అనే నగర ప్రణాళిక నిపుణుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడు వీధుల్ని పరిశీలించాడు. రోజుకు 2,000 వాహనాలు తిరిగే వీధిలో ఉన్నవాళ్లకి, 16,000 తిరిగే వీధివాళ్లకంటే ఇరుగుపొరుగులో మూడు రెట్లు ఎక్కువ స్నేహితులున్నారు. ఇళ్లు చూస్తే దాదాపు ఒకే రకం, పెద్ద తేడా ట్రాఫిక్‌దే.

ఇంకోటి, ప్రాథమిక బడి వయసు పిల్లలకి జోరుగా వచ్చే బండి వేగం సరిగ్గా అంచనా కట్టడం రాదు, చూసి పోల్చుకునే శక్తి అప్పటికి అంతవరకు ఎదగదు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ, రోడ్డు భద్రత మీద వచ్చిన 2020 స్టాక్‌హోమ్ డిక్లరేషన్ కూడా, మనుషులూ బండ్లూ కలిసి తిరిగే చోట గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదంటాయి. కొత్త శివారు కాలనీల్లో లోపలి రోడ్లు ప్రశాంతంగా ఉంటాయి, గేటు దాటగానే ఆరు వరుసల రోడ్డు, ఫుట్‌పాత్ ఉండదు. పార్కు కళ్లకి కనిపిస్తుంది కానీ కారెక్కి వెళ్లాలి. పాత ఏరియాలూ మంచివే అని కాదు, కొన్నిట్లో ఫుట్‌పాత్ మొత్తం బైకులే ఉంటాయి. బ్రోషర్ చూసి కాదు, మామూలు పనిదినాన పొద్దున్న స్కూలు టైముకి వెళ్లి, చిన్నదాన్ని స్ట్రోలర్‌లో కూర్చోబెట్టి ఇంటి నుంచి స్కూలు దాకా నడవండి. ఎన్నిసార్లు స్ట్రోలర్ ఎత్తి దించాల్సి వచ్చిందో, ఎక్కడ రోడ్డు మీదికి దిగి నడవాల్సి వచ్చిందో చూస్తే సగం సంగతి తేలిపోతుంది.

బడిగంట:
స్ట్రోలర్ ఇంకో ఏడాది ఉంటుందేమో సార్, చదువు పన్నెండేళ్లు. ఇప్పుడు దగ్గరని పాత ఏరియాకి వెళ్లి, పెద్దవాడు మూడో తరగతికొచ్చాక మంచి స్కూలు కోసం మళ్లీ మారితే? అప్పటికి స్నేహితులుంటారు, వాడికి అదే కష్టం. ఒక్కసారే మారి అక్కడే వేళ్లూననివ్వండి. పైగా చాలా దేశాల్లో అడ్రసును బట్టే స్కూలు సీటు. ఆ సంగతి చూడకుండా ఇల్లు తీసుకుంటే తర్వాత ఏం చేస్తారు?

తాళంచెవి:
అడ్రసు మాట బాగుంది, కానీ అది రెండువైపులా తెగే కత్తి. స్కూలు పరిధుల గీతలు మారుతుంటాయి, పిల్లలు ఎక్కువైతే గీత జరుపుతారు. ఆ గీతని నమ్ముకుని అప్పు చేసి ఇల్లు కొనడం నాకు నచ్చదు. కొత్త ఊరు అంటున్నారు కాబట్టి ముందు అద్దెకే వెళ్లండి. ఏ వీధిలో వాన పడితే నీళ్లు నిలుస్తాయో, రాత్రి పది తర్వాత ఎక్కడ లారీలు తిరుగుతాయో, ఏ డాక్టరు ఆదివారం ఫోనెత్తుతాడో అక్కడ ఉంటేనే తెలుస్తుంది. "త్వరలో మెట్రో, త్వరలో స్కూలు" అని అమ్మేవాళ్లు చెప్పేవన్నీ లెక్కలోంచి తీసేయండి, ఇవాళ తలుపులు తెరిచి ఉన్నదే లెక్క.

సామాన్ల సంచి:
అందరికీ థాంక్స్. బడిగంట గారూ, మళ్లీ మారాల్సి వస్తుందన్న భయం మా ఆయనదీ అదే, కొట్టిపారేయలేను. అద్దెకైతే ఆయన ఒప్పుకునేలా ఉన్నారు. కానీ అద్దెకైనా ఏదో ఒక ఏరియా ఎంచుకోవాలి కదా, అక్కడే ఆగిపోయాం.

రోజూ రైలు:
మీ ఇద్దరిలో ఎవరి ఆఫీసు ఇంటి నుంచి పనిచేయనిస్తుంది? వారంలో మూడు రోజులు ఒకరు ఇంట్లో ఉండగలిగితే శివారు గురించి నా అభ్యంతరం సగం పోతుంది. ఆ మాట హెచ్‌ఆర్ నుంచి మెయిల్‌లో తీసుకోండి, మేనేజరు నోటిమాట చాలదు, మేనేజర్లు మారతారు.

సామాన్ల సంచి:
ఇద్దరివీ రోజూ ఆఫీసుకి వెళ్లాల్సిన ఉద్యోగాలే.

రోజూ రైలు:
అయితే నా ఓటు పాత ఏరియాకే. రోజుకు రెండున్నర గంటలు ఇద్దరూ దారిలో ఉంటే ఆ పెద్ద ఇంట్లో తిరిగేది ఆయాయే.

బడిగంట:
నా ఓటు మారలేదు :) కానీ ఒక్కటి ఒప్పుకుంటాను, ఆ పేరున్న స్కూల్లో ఒకటో తరగతికి సీటు ఉందో లేదో అడగకుండా ఈ వాదనంతా దండగ. ముందు ఫోన్ చేయండి.

జీబ్రా గీత:
పెద్దవాడి సీటు కంటే చిన్నదానిది ఇంకా కష్టం. రెండేళ్లవాళ్లకి ఒక్కో టీచరుకి కొద్దిమందినే ఇస్తారు కాబట్టి డేకేర్లలో వెయిటింగ్ లిస్టు నెలల తరబడి ఉంటుంది. రెండు ఏరియాల్లోనూ ఈ వారమే పేరు రాయించి, ఎక్కడ ముందు సీటొస్తే ఆ పక్కనే అద్దిల్లు వెతకండి. మీ ఇంట్లో గొడవ కూడా దాంతోనే తీరుతుందేమో.