తాళంచెవి వదలగానే ఇంజన్ ఆగిపోతోంది: తాళాల సెట్టు మొత్తం మార్చాలా?

ప్రశ్న

పన్నెండేళ్ల నాటి మా పెట్రోలు కారులో తాళంచెవిని చివరిదాకా తిప్పితే సెల్ఫ్ తిరిగి ఇంజన్ అందుకుంటుంది గానీ, వదిలిన మరుక్షణమే డ్యాష్‌బోర్డు దీపాలతో సహా అన్నీ ఆరిపోతున్నాయి. బ్యాటరీ కొత్తదే. తలుపుల తాళాలతో సహా సెట్టంతా మార్చాలని మెకానిక్ అంటున్నారు. అసలు ఆ స్విచ్ లోపల ఏం జరుగుతుందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు

తాళమూ స్విచ్చూ ఒకటి కావండి. తాళంచెవి దూరే లోహపు భాగం తాళం మాత్రమే. చాలా కార్లలో దాని వెనుక స్క్రూలతో బిగించి ఉండే ప్లాస్టిక్ డబ్బా అసలు స్విచ్. తాళం తిరిగినప్పుడు ఆ డబ్బాలోని లోహపు పలకలు జరిగి, బ్యాటరీ కరెంటును తాళం ఏసీసీ (యాక్సెసరీ) స్థానంలో ఉంటే రేడియో వంటివాటికి, ఆన్‌లో ఇంజన్ కంప్యూటరుకూ, ఇంధనాన్ని అంటించే నిప్పురవ్వకు కరెంటు ఇచ్చే కాయిళ్లకూ, స్టార్ట్‌లో వీటితో పాటు సెల్ఫ్ సొలినాయిడ్‌కూ (సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) అందిస్తాయి. సెల్ఫ్ మోటారు లాగే వందకు పైబడిన ఆంపియర్లు ఈ స్విచ్ గుండా పోవు; అవి మందపాటి తీగలో బ్యాటరీ నుంచి నేరుగా వెళ్తాయి. చేయి తీయగానే స్ప్రింగు తాళాన్ని స్టార్ట్ నుంచి ఆన్‌కు తెస్తుంది. బండి నడిచినంతసేపూ కరెంటు మోసేవి ఆన్ పలకలే కనుక, మీ కారులో అవి కాలి సరిగా ఆనడం లేదని నా నమ్మకం.

రెండవ జవాబు

విప్పే ముందు మీటరుతో చూడండి. స్విచ్ నుంచి ఇగ్నిషన్‌కు వెళ్లే తీగలో ఆన్‌లోనూ స్టార్ట్‌లోనూ దాదాపు 12 వోల్టులు ఉండాలి. స్టార్ట్‌లో ఉండి, వదలగానే పోతే లోపం డబ్బాలోనే ఉంది. ఇమ్మొబిలైజర్ (తాళంచెవిని గుర్తించకపోతే ఇంజన్‌ను నడవనివ్వని ఏర్పాటు) అడ్డుపడినా ఇంజన్ ఆగుతుంది గానీ డ్యాష్‌బోర్డు దీపాలు ఆరిపోవు. స్టీరింగ్ కవరు తీసే ముందు బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి కొన్ని నిమిషాలు ఆగడం తప్పనిసరి, ఎందుకంటే అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది.

మూడవ జవాబు

తాళంచెవికి బరువైన గుత్తి ఉంటే తీసేయండి. జనరల్ మోటార్స్ 2014లో లక్షల కార్లను వెనక్కి పిలిచింది. వాటి స్విచ్‌లో పట్టు బలహీనంగా ఉండి, గుత్తి బరువుకో కుదుపుకో తాళం ఆన్ నుంచి ఏసీసీకి జారితే, పరుగులో ఉన్న కారు ఇంజన్ ఆగి, ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు కూడా తెరుచుకోని పరిస్థితి వచ్చేది. ఆ లోపం వేరైనా, ఈ జాగ్రత్త ఏ కారుకైనా అవసరమే.

ప్రశ్న అడిగినవారు

మీటరు పెడితే తాళం వదలగానే వోల్టేజీ సున్నాకు పడింది. డబ్బా ఒక్కటే మార్పించాను. పాత తాళంచెవులతోనే కారు నడుస్తోంది. బీరువా తాళాలతో కలిపి గుత్తికి ఉన్న తొమ్మిదింటినీ విడదీశాను. అందరికీ కృతజ్ఞతలు.