అరకులో ఉంటూ ఆఫీసు పని చేయడం సాధ్యమేనా?

ఎంవీపీ కాలనీ వాసి:
మా సంస్థ ఎక్కడి నుంచైనా పని చేసుకోవచ్చని అనుమతి ఇచ్చినందున, ఒక నెల అరకులోనూ, ఆ తర్వాత రెండు నెలలు థాయిలాండ్‌లోనూ ఉంటూ పని చేయాలనుకుంటున్నాను. రోజూ రాత్రి 8 గంటలకు అమెరికా వారితో వీడియో సమావేశం ఉంటుంది. అనుభవమున్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

భీమిలి మిత్రుడు:
నేను కిందటేడు అరకులో మూడు వారాలు ఉన్నాను. గది తీసుకునే ముందు యజమాని మాట మీద ఆధారపడకుండా, మీరు కూర్చోబోయే బల్ల దగ్గరే, సమావేశం జరిగే వేళకే ఇంటర్నెట్ వేగం చూసుకోండి. నేను ఆ పని చేయలేదు. కరెంటు పోయిన ప్రతిసారీ రౌటర్ కూడా ఆగిపోవడంతో, దుప్పటి కప్పుకుని డాబా మీద ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొచ్చాను. ప్రయాణం రోజున మాత్రం సెలవు పెట్టండి. అరకు వెళ్లే కిరండూల్ రైలు మార్గంలో 50కి పైగా సొరంగాలున్నాయి కనుక సిగ్నల్ మీద ఆశ పెట్టుకోనక్కర్లేదు. అయినా ఆ కొండలను వదిలేసి లాప్‌టాప్ చూడడం నా దృష్టిలో అన్యాయమే.

సీతమ్మధార నుంచి:
థాయిలాండ్ విషయంలో తొందరపడవద్దు. దూరం నుంచి పని చేసేవారి కోసం ఆ దేశం 2024లో ప్రవేశపెట్టిన డీటీవీ వీసా 5 ఏళ్లు చెల్లుతుంది, ఒక్కో విడతలో 180 రోజుల వరకు ఉండనిస్తుంది, కానీ 5 లక్షల బాత్‌ల నిల్వ చూపించాలి. అక్కడి గడియారం మనకంటే గంటన్నర ముందు, కాబట్టి మీ సమావేశం రాత్రి 9:30కి మొదలవుతుంది. సంస్థ అనుమతి విదేశాలకూ వర్తిస్తుందో లేదో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి.

ఎంవీపీ కాలనీ వాసి:
ధన్యవాదాలండీ. అనుమతి ఉత్తరం మళ్లీ చదివితే ‘భారతదేశంలో’ అన్న మాట ఇప్పుడు కనబడింది. ప్రస్తుతానికి అరకే.