అప్‌డేట్: మా అమలాపురం వార్తల సైట్‌లో లైన్లు జారిపోయే సమస్య తీరింది

ఫోన్‌లో మా సైట్ తెరిస్తే చదివే లైను కిందికి జారిపోతోందని, హెడ్డింగుల్లో వత్తులు తెగిపోతున్నాయని పోయిన నెల అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థాంక్సండి.

"ముందు చదివేవాళ్ళ పక్కన కూర్చుని చూడండి" అన్న సలహాయే దారి చూపించింది. మా బాబాయికి ఫోనిచ్చి ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం చూడమన్నాను. లింకు మీద వేలు పెట్టేలోపు పైన యాడ్ దిగింది, వేలు దాని మీద పడింది. మూడుసార్లూ అంతే. 11.75 అడుగుల మొదటి వరద హెచ్చరిక దాటిందో లేదో లంకల్లో ఉండేవాళ్ళకి వెంటనే తెలియాలి కదా, చాలా బాధేసింది.

ఫొటోలకీ యాడ్లకీ వెడల్పు, ఎత్తు ముందే ఇవ్వలేదని, అందుకే అవి వచ్చినప్పుడు లైన్లు కిందికి జారుతున్నాయని డెవలపర్ తేల్చారు. ఇచ్చాక సీఎల్‌ఎస్ స్కోరు (పేజీలోవి ఎంత జారుతున్నాయో చెప్పే కొలత, ఎంత తక్కువుంటే అంత మంచిది) 0.1 లోపుకి వచ్చింది. వత్తులకి లైన్ హైట్ (ఒక్కో లైనుకిచ్చే ఎత్తు) 1.2 నుంచి 1.7 చేస్తే సరిపోయింది. నీటిమట్టం ఇప్పుడు మొదటి పేజీలో పైనే కనిపిస్తోంది.