మల్లె అత్తరు మా వదినకి మల్లెపూలు, నాకేమో కలరా ఉండలు! ఒంటిని బట్టి మారుతుందా?

గుంటూరు_ఘాటు:
హైదరాబాద్ వెళ్లినప్పుడు చార్మినార్ దగ్గర వదినా నేనూ ఒకే సీసాలోంచి మల్లె అత్తరు రాయించుకున్నాం. రాయగానే ఇద్దరికీ అచ్చం మల్లెలే. లాడ్ బజార్‌లో గాజులు బేరమాడి బయటికొచ్చేసరికి నా మణికట్టు కలరా ఉండల వాసన! వదిన మాత్రం తనది ఇంకా గుబాళిస్తోందంటుంది. వట్టివేరు అత్తరుది ఇంకో విడ్డూరం. ఆవిడకి సాయంత్రం దాకా ఉంది, నాకు మధ్యాహ్నం భోజనానికే మాయం. "నీది వేడి ఒళ్లు" అని అమ్మ తేల్చేసింది. నిజమేనా, లేక దుకాణంలో ఏమైనా కలిపారా?

బయోటెక్_బాబు:
పీహెచ్ అండీ, అంటే చర్మం ఎంత ఆమ్లమో చెప్పే లెక్క. ఒక్కొక్కరి చర్మం పీహెచ్ ఒక్కోలా ఉంటుంది. అంతే.

పత్తర్‌గట్టి_పాతకాపు:
పీహెచ్ మీద అంత భారం వేయకు తమ్మీ. మామూలు చర్మం ఎవరిదైనా కొంచెం ఆమ్లమే, సుమారు 4.5 నుంచి 5.5. ఆ పాటి తేడాకే మల్లె పోయి కలరా ఉండ రాదు.

నేను అత్తరు దుకాణంల కూసునేటోన్ని, మా దగ్గర రోజూ ఇదే పంచాయితీ. గాజు పుల్లతోని చేతికి రాస్తమో లేదో, రెండు మణికట్లు కలిపి గట్టిగ రుద్దుతరు. రాసినంక అట్లనే వదిలేయాలె.

అక్కా, మీకొచ్చింది వట్టి వహమ్ (భ్రమ) కాదు. మల్లెపువ్వులనే ఇండోల్ అని ఒకటుంటది. కొంచెమైతే పూల వాసనకు నిండుదనం, ముదిరితే కలరా ఉండల కంపు. పొద్దున దిండు పక్కన వాడిన మల్లెదండను వాసన చూసినోళ్లకు తెలుస్తది. మొదట తియ్యగ కొట్టే బెంజైల్ అసిటేట్ తేలిక సరుకు, ముందే ఎగిరిపోతది. ఇండోల్ వెనక మిగుల్తది. పొడి చర్మమై, పైగ ఎండల తిరిగి వెచ్చబడితే ఈ ఎగురుడు ఇంక జల్ది. అమ్మ చెప్పిన వేడి అంతవరకు నిజమే.

యూపీల అత్తర్ల ఊరు కన్నౌజ్ పాత పద్ధతిల రాగి డేగ్‌ల, అంటే పెద్ద బానల, పూలు ఉడికిస్తే, ఆవిరి వెదురు గొట్టం గుండ పోయి భప్కా అనే ఇంకో రాగి పాత్రల ఉన్న చందన తైలంల దిగుతది. పువ్వు పోయినా చందనం పట్టుకొని ఉంటది. చందనం పిరమైంది, ఇప్పుడు చానా సరుకుల లిక్విడ్ పారఫినే. దానికి సొంత వాసన లేదు, పువ్వు పోతే ఇంకేం మిగలది.

కానీ చర్మాన్ని తిట్టే ముందు ముక్కును అడగండి. మాటకు, సంపెంగల బీటా అయోనోన్ అనే వాసన పదార్థం ఉంటది. ఓఆర్5ఏ1 అనే ఒక్క జన్యువు తేడాకు అది కొందరికి కమ్మటి పూల వాసన, కొందరికి పుల్లగ. 2013ల తేల్చిన్రు. దూదికి ఇంత అత్తరు అద్ది పెట్టుకోండి. మీ చెయ్యి వదిన, వదిన చెయ్యి మీరు చూడండి. దూది మీద గూడ మీకు కలరా ఉండనే అయితే చర్మం బేకసూర్, దాని తప్పేం లేదు.

వట్టివేరు మాత్రం మాయమైందంటే నేనొప్పుకోను. అసలు రూహ్ ఖస్, అంటే వట్టివేరు నూనె, మొండిది. రాగిల తీసినందుకు పచ్చగ ఉంటది, పూటల పోయేది కాదు. మీ ముక్కు దానికి అలవాటు పడి ఉంటది. సాయంత్రం ఇంకెవరినన్నా వాసన చూడమనండి.

గుంటూరు_ఘాటు:
చేశామండీ. దూది మీదా నాకు అదే కంపు, వదిన చెయ్యీ అంతే! ఆవిడేమో నా చెయ్యి పట్టుకుని "మల్లెలే కదే, నీకేమొచ్చింది?" అంటుంది. ఇంక వట్టివేరు... రాత్రి అన్నం తినిపిస్తుంటే మా వాడు "అమ్మా, నీ చెయ్యి కూలర్ వాసనొస్తోంది" అన్నాడు. నాకు మాత్రం ఏమీ తెలియట్లేదు.

పత్తర్‌గట్టి_పాతకాపు:
కూలర్ల వట్టివేరు తడికె ఉంటది కదా, పోరడు కరెక్టే పట్టిండు. మల్లె సీసా వదినకిచ్చేయండి, మీరు గులాబ్ చూడండి, దాంట్ల ఈ ఇండోల్ గొడవ లేదు. కొనే ముందు చేతికి రాయించుకొని గంట సేపు బజార్ల తిరిగి రండి, మంచి దుకాణమాయన ఏమనడు. పట్టుచీరకు మాత్రం అంటనీయకండి, నూనె మరక పోదు.